పారిస్ పియానో, ఆదోని హార్మోనియం

పియానో అనగానే షోపాన్, లిస్ట్ పేర్లు వినిపిస్తాయి. 19వ శతాబ్దపు పారిస్‌లో వాళ్లకు దీటుగా పేరు మోసిన వాళ్లు ఇంకా ఉన్నారు. సిగిస్మండ్ థాల్బెర్గ్ వారిలో ఒకడు. 1837లో బెల్జొయోసో యువరాణి ఇంట్లో లిస్ట్‌కూ అతనికీ పోటీ జరిగితే, ఓడింది ఫలానావాడని ఎవరూ అనలేకపోయారు. థాల్బెర్గ్ పాటను బొటనవేళ్లకు అప్పగించి, మిగతా వేళ్లతో దాని చుట్టూ స్వరాలు కురిపించేవాడు. వినేవాళ్లకు మూడు చేతులు వాయిస్తున్నట్టు తోచేది. ఇవాళ కచేరీల్లో అతని పేరు అరుదు.

ఎందుకిలా జరిగింది? అప్పట్లో రాసేవాడే వాయించేవాడు. తన చేతికి ఏది లొంగితే అది రాసుకునేవాడు. జనం మెచ్చిన ఆపెరా పాటలు తీసుకుని వాటి మీద అల్లేవాడు. ఆ ఆపెరాలు పాతబడ్డాయి, ఆ చేతులు పోయాయి, రచన అనాథ అయింది.

షార్ల్ ఆల్కాన్ (1813–1888) కథ ఇంకా బాధాకరం. ఆరేళ్లకే పారిస్ సంగీత కళాశాలలో చేరాడు. షోపాన్‌కు స్నేహితుడు, పొరుగువాడు. 1848లో అదే కళాశాలలో పియానో ఆచార్య పదవి తనకు రాకుండా మరొకరికి పోయింది. తర్వాత ఏళ్ల తరబడి కచేరీలకు దూరంగా ఉన్నాడు. కానీ రాయడం మానలేదు. 1857లో అచ్చయిన 12 అభ్యాసాల్లో మూడింటిని కలిపితే ఒక కన్చెర్టో, అంటే ఏకవాద్యమూ వాద్యబృందమూ కలిసి వాయించే రచన, అవుతుంది. కానీ ఇందులో వాద్యబృందం ఉండదు. బృందం పనీ, ఏకవాద్యం పనీ రెండూ ఒకే మనిషి దాదాపు 50 నిమిషాలు చేయాలి. అంతటి సాహసికులు దొరక్క అది చాలాకాలం మూలన పడింది. 1960లలో రేమండ్ లెవెంథాల్, రొనాల్డ్ స్మిత్ ఆల్కాన్ రచనలను మళ్లీ వెలుగులోకి తెచ్చారు. కాగితం మీద ప్రతి స్వరమూ ఉంది కనుకే అది సాధ్యమైంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఆల్కాన్ ఉన్న పారిస్‌లోనే 1842లో అలెగ్జాండర్ దెబ్యాఁ హార్మోనియానికి హక్కు పత్రం పొందాడు. అది కలకత్తా మీదుగా మన పద్యనాటకంలోకి వచ్చి స్థిరపడింది. 1953 దాకా మన ఆదోని ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉండేది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి తెలుగు నాటకానికి పాట నేర్పిన బళ్లారి అదే.

నాటకంలో హార్మోనిస్టు చేసే పని దగ్గర్నుంచి చూడండి. పద్యానికి తాళం ఉండదు. నటుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ రాగం తీస్తాడో అతని పెదవులు చూసే పట్టుకోవాలి. అతను ఊపిరి పీల్చుకునే లోపు అదే సంగతిని వాయించి చూపాలి. కృష్ణుడిది ఒక శ్రుతి, అర్జునుడిది మరొకటి. ఒకటో శ్రుతిలో మోహన రాగమంతా తెల్ల మెట్ల మీదే నడుస్తుంది. నాలుగున్నరకు వెళితే అదే మోహన పూర్తిగా నల్ల మెట్ల మీదికి ఎక్కుతుంది. ఒక పద్యం ముగిసి ఇంకొకటి మొదలయ్యే లోపే వేళ్లు ఆ దారి మారాలి. ఇది ప్రజ్ఞ కాకపోతే మరేది ప్రజ్ఞ?

అయినా మనకు గుర్తున్నది పద్యం రాసిన తిరుపతి వెంకట కవులు, బలిజేపల్లి. పాడిన షణ్ముఖి, పీసపాటి. ఆ పద్యాలకు అల్లిన సంగతులను స్వరపరచి రాసిపెట్టినవాళ్లు బహు తక్కువ. ఆకాశవాణి కూడా 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా దూరం పెట్టింది. రేడియో గొప్ప గొప్ప గొంతులను భద్రపరిచిన కాలం అది. ఆ ముప్పై ఏళ్లూ ఈ పెట్టెకు అందులో చోటు లేదు. నా దృష్టిలో ఇది పెద్ద నష్టం. ఆల్కాన్ నోట్లు దొరికాయి కాబట్టి తిరిగొచ్చాడు. మన హార్మోనిస్టు వాయించింది అతనితోనే పోతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో ముసలి హార్మోనిస్టు ఎవరైనా ఉంటే జాతరల కాలంలో వెళ్లి కలవండి. చేతులు కనబడేలా ఫోన్‌లో వీడియో తీయండి. ఏ నాటకం, ఏ పద్యం, ఏ శ్రుతి, గురువు ఎవరు, ఇవన్నీ ఆయన నోటే చెప్పించండి. తర్వాత స్వరజ్ఞానం ఉన్నవాళ్లచేత ఆ సంగతులు రాయించి, పైన ఆయన పేరు వేయండి.