తిరుగు బస్సు ఎన్నింటికి?

కొండకు పోవాలని బుద్ధి పుట్టినవాడు మొదట చూడవలసింది పటం కాదు, టైంటేబులు. ఈ సంగతి తెలుసుకోవటానికి నాకు అరవయ్యేళ్ళు పట్టింది. మధ్యలో ఒక అద్దెకారు ఖర్చు కూడా అయింది.

నిరుడు మా అమ్మాయి బెంగుళూరు నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చినప్పుడు కారు మాట్లాడుకుని అరకు వెళ్ళాం. మాది భీమిలి. తెల్లవారుజామున బయల్దేరి, రాత్రి పదింటికల్లా ఇంట్లో ఉన్నాం. అన్నీ చూశారా అంటే చూశాం. ఆపమన్నచోట డ్రైవరు ఆపాడు, ఫోటోలు తీసుకున్నాం, మళ్ళీ ఎక్కాం. అమ్మాయి వెనకసీట్లో ఫోను చూసుకుంటూ, నేను ముందుసీట్లో మలుపు మలుపుకీ లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నాం. ఇంటికొచ్చాక మా ఆవిడ, "రోజంతా కలిసున్నారుగా, పిల్ల ఏమంది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అందుకని ఈసారి కారు వద్దన్నాను. వీపున సంచి తగిలించుకుని రైల్లో, బస్సులో పోయి, నడవగలిగినంత నడిచి వద్దామన్నాను. మా ఆవిడ నా మోకాళ్ళకేసి ఒకసారి చూసి ఊరుకుంది.

ఎక్కడికి? ఇక్కడే చిక్కు. లంబసింగి అంది అమ్మాయి. చలికాలం మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి. కారున్నవాళ్ళు అర్ధరాత్రి బయల్దేరి పోతారు. మనం నర్సీపట్నం చేరి, అక్కడ బస్సు పట్టుకుని పోయేసరికి మంచు తన దారిన తాను పోయి ఉంటుంది. వంజంగి మేఘాల సంగతీ అంతే. పాడేరు దాకా బస్సుంది గాని, చీకట్లో ఆ కొండ కిందికి చేర్చే బస్సు మన కోసం కాచుకుని ఉండదు. ముందురోజే వెళ్ళి పడుకోవాలి. ఒక్కరోజులో తేలాలంటే పొద్దున్నే బయల్దేరి పగలు దింపేది కావాలి, చీకటి పడకముందే వెనక్కు తెచ్చేదీ కావాలి. ఈ లెక్క వేస్తే మాకు మిగిలింది విశాఖ-కిరండూల్ పాసింజరు. దిగవలసింది బొర్రా గుహలు స్టేషన్లో.

ఈ రైలుమార్గం మనలాంటి షికారు మనుషుల కోసం వేసింది కాదు. బస్తరులోని బైలదిల్లా గనుల ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపటానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. పాసింజరు బండి చిన్న స్టేషన్లలోనూ ఆగుతుంది. నడవదలచినవాడికి అంతకన్నా ఏం కావాలి?

మా ఆవిడ పులిహోర, దద్దోజనం, మూడు గిన్నెల క్యారియరు, రెండు దుప్పట్లు, ఒక చాప సిద్ధం చేసింది. కారైతే డిక్కీలో పడేసేవాళ్ళం. నేనొక నియమం పెట్టాను: బస్సులో నిలబడవలసి వచ్చినప్పుడు భుజానికి బరువనిపించనిదే సామాను. పులిహోర, నీళ్ళు, గొడుగు, ఒక్క దుప్పటి మిగిలాయి. దుప్పటి కూడా ఆవిడ మొహం చూసి పెట్టుకున్నదే.

భీమిలిలో తొలి బస్సెక్కాం. 2025 ఆగస్టు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టిక్కెట్టు లేదుగదా, కండక్టరు కార్డు చూసి అమ్మాయికి సున్నా టిక్కెట్టు కొట్టి, నా దగ్గర మాత్రం డబ్బు పుచ్చుకున్నాడు. "ఉద్యోగం లేనివాళ్ళకు మంచి సదుపాయమే," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడు లోపే రైలు కదిలింది. బొడ్డవర దాటేదాకా మామూలు రైలే. అక్కణ్ణుంచి ఎక్కుడు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేశారు. అమ్మాయి లెక్కపెట్టటం మొదలెట్టి, పదో పన్నెండో దగ్గర తప్పి, మానేసింది. ఇంకా పైకి పోవాలనుకునేవారికి శిమిలిగూడ ఉంది. 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను, కాశ్మీరులో పట్టాలు పడేదాకా, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని పేరు పొందింది.

గుహలు మీలో చాలామంది చూసే ఉంటారు. సున్నపురాయిలో నీరు ఒక్కొక్క బొట్టే దిగి, కరిగించి తెచ్చిన సున్నాన్ని పేర్చి ఆ స్తంభాలూ జడలూ చేసింది. నాకు ముచ్చట వేసింది వేరొకటి. అక్కడి గోస్తని నీరే తాటిపూడి జలాశయంలో నిలిచి విశాఖవాసుల కుళాయిల్లోకి పోతుంది. మిగిలిన ఏరు వచ్చి మా భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఇన్నేళ్ళూ ఏటి చివర కాపురమున్న నేను, అది పుట్టిన కొండను కారుటద్దంలోంచి మాత్రమే చూశాను.

కారున్నవాడికి ఒక ఇబ్బంది ఉంది, ఎవరూ చెప్పరు. ఎంత దూరం నడిచినా మళ్ళీ కారు దగ్గరికే రావాలి, గుంజకు కట్టిన దూడలాగ. మాకు ఆ బెడద లేదు. రైలు దిగిన చోటికి తిరిగిపోనక్కర్లేదు. బొర్రా నుంచి ఎక్కుడుదారిన నడిచి, అరకు ఘాట్‌రోడ్డు కలిసేచోట బస్సెక్కటం మా పథకం. (రైలుపట్టాల వెంట నడిచే కుర్రాళ్ళను చూశాం. ఆ పని చెయ్యకండి. సొరంగంలో తప్పుకునే చోటుండదు.)

పులిహోర తినేసి బయల్దేరాం. అమ్మాయికి గంటన్నర దారి, నా మోకాళ్ళతో రెండున్నర గంటలయింది. దారిపొడుగునా సిల్వర్‌ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. కోతల రోజులు కావటంతో ఇళ్ళముందు కాఫీ పళ్ళు ఎండబోసి ఉన్నాయి. కారులో ఈ వాసన రాలేదు.

ఘాట్‌రోడ్డు మీదికి చేరేసరికి బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. ఇక తొందరేముందని పాకలో కాఫీ చెప్పి, గ్లాసు పట్టుకుని తాపీగా కొండలకేసి తిరిగాను. తప్పు నాదే. బస్సు వచ్చింది, చెయ్యెత్తేవాళ్ళెవరూ కనపడక పోయింది. నేను గ్లాసుతో పరుగెత్తాను.

"ఎల్లిపోనాది బాబూ. ఇంకోటొస్తాది, కూకోండి," అంది పాకావిడ.

"ఎంతసేపటికమ్మా?"

"వస్తాది."

గంటన్నర కూర్చున్నాం. చలి మొదలయింది. నేను నాలుగుసార్లు క్షమాపణ చెప్పుకున్నాను. ఐదోసారి చెప్పబోతుంటే అమ్మాయి, "నాన్నా, నాకేం తొందర లేదు. పొద్దున బస్సులో చెప్పాను కదా," అంది.

"ఏం చెప్పావమ్మా?"

"ఉద్యోగం లేదని."

రెండు నెలలయిందట. ఒక్క ఉత్తరంతో ముప్ఫైమందిని పొమ్మన్నారట. ఫోనులో చెబితే అమ్మ కంగారు పడుతుందని దాచింది. రోజూ పొద్దున్నే తయారై, ఆఫీసు వేళకు మాకు ఫోను చేస్తూనే ఉందట.

నాకు అడగటానికి ఏమీ తోచలేదు. "గది అద్దె కట్టావా?" అన్నాను.

"ఈ నెలకు కట్టాను."

ఇంకో రెండు కాఫీలు చెప్పాను. దుప్పటి సంచిలోంచి తీసి కప్పుకుంది. ఎవరెవరికి దరఖాస్తులు పంపిందీ, ఎవరు జవాబిచ్చిందీ, ఎవరు ఇవ్వనిదీ చెప్పుకుపోయింది. నాకు సగం అర్థం కాలేదు. అయినా వింటూనే ఉన్నాను. మధ్యలో రెండు కార్లు ఆగి, విశాఖ దాకా దింపుతామన్నారు. అమ్మాయి నాకేసి చూసింది. మాకు బస్సుందన్నాను.

బస్సు వచ్చేసరికి చీకటి పడుతోంది. ఈసారి పాకావిడే రోడ్డు మధ్యకెళ్ళి ఆపింది. వెనకసీట్లు దొరికాయి. శృంగవరపుకోట దీపాలు కనిపించేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. అక్కడ బస్సు ఆగినప్పుడు, "అమ్మకు నేనే చెబుతాను, మీరు చెప్పకండి," అంది.

సరేనన్నాను.