గొంతుంది.. దారి చూపాలి

ఎస్. రాయవరం పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గురజాడ అప్పారావు. 1862 సెప్టెంబరు 21న మేనమామగారి ఇంట ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడించి తెలుగు నాటకానికి వాడుక మాట రుచి చూపించారు. ఆయన పుట్టిన ఊరి చుట్టుపక్కల మాత్రం పండగ రాత్రి నాటకం అంటే ఇవాళ్టికీ పద్యమే. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఉగాది దాటేదాకా గ్రామదేవతల పండగలు, తీర్థాలు వరసగా వస్తాయి. కమిటీవాళ్లు నాటకం పెట్టించారంటే అది రాయబారమో, హరిశ్చంద్రో, రామాంజనేయ యుద్ధమో అయి ఉంటుంది. రాత్రి పది దాటాక తెర లేస్తుంది. హరిశ్చంద్రలో కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది.

అంతసేపూ కూర్చునే జనం ఇంకా ఉన్నారు. మునుపటికంటే తగ్గారు, నిజమే. రికార్డింగ్ డాన్సులు, డీజేలు వచ్చి చాలా ఊళ్లలో నాటకాన్ని పక్కకు నెట్టేశాయి. అయినా రాగం అందుకోగానే వన్స్‌మోర్ అని కేకేసే పెద్దలున్నారు, వాళ్ల పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుని, కిరీటాలు కనపడగానే లేచి కూర్చునే మనవలున్నారు. నా దిగులంతా స్టేజీ మీద ఉన్నవాళ్లను చూస్తేనే. కృష్ణుడికి యాభై దాటాయి. అర్జునుడు అరవైకి దగ్గరపడ్డాడు. వీళ్ల తర్వాత ఎవరు? పాతికేళ్ల కుర్రాడు ఈ దారిలోకి ఎందుకు రావడం లేదు? వచ్చినవాడు ఎందుకు నిలవలేకపోతున్నాడు?

గొంతు పండేదాకా భత్యం

పాశ్చాత్య దేశాల కళల్లో మన పద్యనాటకానికి దగ్గరగా నిలబడేది ఒపేరా. 1600 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టింది. కథంతా పాటలోనే నడుస్తుంది. మైకు ఉండదు. నిండు వాద్యబృందాన్ని దాటుకుని గొంతు ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకు చేరాలి. అలాంటి గొంతు ఇరవై ఏళ్లకే సిద్ధం కాదు. తేలికపాటి పాత్రలు పాతికేళ్లకు పాడొచ్చు గానీ, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన బరువైన పాత్రల జోలికి అప్పుడే వెళ్లొద్దని గురువులే ఆపుతారు. తొందరపడితే గొంతు చెడుతుంది. మరి సంగీత కళాశాలలో చదువు ముగించుకున్న ఇరవై మూడేళ్ల పిల్ల ఈ మధ్య ఏళ్లన్నీ ఏం తిని బతకాలి?

ఒపేరా సంస్థలు దీనికి జవాబు వెతికాయి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా 1980లో యువ గాయకుల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. కొద్దిమందినే తీసుకుంటారు. భత్యం ఇస్తారు. గొంతుకో గురువు, భాషకో గురువు, నటనకో గురువు. పెద్ద నాటకాల్లో చిన్న వేషాలిస్తారు. లండన్‌లోని రాయల్ ఒపేరాలోనూ 2001 నుంచి ఇలాంటి ఏర్పాటు ఉంది. ఇక పోటీలు సరేసరి. ప్రసిద్ధ గాయకుడు ప్లాసిడో డొమింగో 1993లో మొదలుపెట్టిన ‘ఒపేరాలియా’ అచ్చంగా యువ గాయకుల కోసమే. వీళ్లంతా తారలైపోతారని కాదు. చాలామంది బృందగానంలో స్థిరపడతారు, కొందరు పాఠాలు చెప్పుకుంటారు. కానీ నేర్చుకోవడానికీ, దాని మీద బతకడానికీ మధ్య ఒక మెట్టు కట్టి పెట్టారు. మన పద్యానికి లేనిది ఆ మెట్టే.

పెన్సిల్ గీత దాకా ఊపిరి

పద్యం పాడటం తేలికనుకునేవాళ్లు ఒకసారి రిహార్సల్ దగ్గర కూర్చోవాలి. నేర్పేది హార్మోనిస్టు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆయనే నాటకం మేస్టారు. రామకోవెల దగ్గర చాప పరిచి, హార్మోనియం పెట్టె విప్పి శ్రుతి పట్టుకుంటారు. అయినా మొదట పాడనివ్వరు, చదివిస్తారు. తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగం’లో ఒక మత్తేభం అనుకోండి. పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి. కొత్త కుర్రాడు ఊపిరి చాలక యతి దగ్గర ఆగిపోతాడు. సరిగ్గా అక్కడ ఒక సంస్కృత సమాసం సగంలో ఉంటుంది. సమాసం విరిగిందంటే అర్థం విరిగినట్టే. మాటలు చెవిన పడతాయి గానీ కృష్ణుడు సభలో ఏమని హెచ్చరించాడో ఎవరికీ అందదు. అందుకని మేస్టారు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ పెన్సిల్‌తో గీత పెడతారు. ఒక్కోసారి ఆ గీత పాదం దాటి, తర్వాతి పాదంలో మూడో అక్షరం దగ్గర పడుతుంది. అక్కడిదాకా ఊపిరి నిలవాలి. గొంతు వణకకూడదు. అదే సమయంలో చెయ్యి సుయోధనుడి వైపు లేవాలి. నాటకంలో పద్యాలు పదుల్లో ఉంటాయి. ఒక్కటి నోటికి రావడం వేరు, పాత్ర నోట పలకడం వేరు.

అది కుదిరాక రాగం. మోహన, కల్యాణి, హిందోళం, బేహాగ్, భీంపలాస్.. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశం తిరిగి వెళ్లింది మొదలు మన రంగస్థలానికి హిందుస్తానీ గాలి తగులుతూనే ఉంది. పద్యం అయ్యాక ఎంత రాగం తీయాలన్నది పాత తగవు. నటుడు బళ్లారి రాఘవ అతి రాగాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చప్పట్లు మాత్రం రాగానికే పడుతూ వచ్చాయి. నా మట్టుకు అర్థాన్ని మింగేసే రాగం పద్యానికి చేటే. మన ఉత్తరాంధ్ర శ్రీకృష్ణుడు పీసపాటి నరసింహమూర్తి (1920-2007) పద్యం వింటే ఆ సంగతి తెలుస్తుంది. కుర్రాళ్లు ఆయన రాగం కంటే ముందు ఆయన మాట విరుపు నేర్చుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. లోహితాస్యుడిగానో ప్రహ్లాదుడిగానో పదేళ్లకే స్టేజీ ఎక్కిన పిల్లాడికి పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి గొంతు మారుతుంది. అప్పుడు కొన్నాళ్లు తగ్గి పాడాలి, శ్రుతి దించాలి, అరవకూడదు. ఈ మాట చెప్పి వెంట ఉండేవాళ్లు తక్కువ. కొందరు పంతానికి పోయి హెచ్చు శ్రుతిలో అరిచి గొంతు పాడుచేసుకుంటారు. మిగతావాళ్లు మానేస్తారు. మానేసినవాళ్లలో మళ్లీ వచ్చేది ఏ ఒక్కరో.

మూసుకుపోయిన దారులు

ఒకప్పుడు దారులుండేవి. మొదటిది సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారు ‘కీచక వధ’ ఆడిన నాటి నుంచి ఆ కుటుంబాల్లో పుట్టిన పిల్ల నడక, మాట, పద్యం ఒకేసారి నేర్చింది. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు వేస్తున్న కాలంలోనే సురభి స్త్రీలు స్టేజీ ఎక్కారు. కుటుంబమే కళాశాల, కుటుంబమే కంపెనీ. ఆ దారి బయటివాళ్లది కాదు.

రెండోది సినిమా. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నాటకం నుంచి పుట్టింది. అందులో లీలావతి సురభి కమలాబాయి. నటుడంటే పాడగలిగినవాడని అర్థం. అందుకే నాటక సమాజాల గొంతులన్నీ కలకత్తాకో, బొంబాయికో, మద్రాసుకో దారిపట్టాయి. నేపథ్యగానం వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయింది.

గొంతు ఎవరిదంటే ఘంటసాలది. ఆయన కథ ప్రతి కుర్ర గాయకుడూ తెలుసుకోవాలి. చౌటపల్లి నుంచి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల అక్కడుంది. అందులో పట్రాయని సీతారామశాస్త్రి ఘంటసాలను చేరదీసి పాఠం చెప్పారు. మధుకరం ఎత్తి తింటూ చదువుకున్నారు. చదువయ్యాక ఉత్సవాల్లో పాడారు, నాటకాల్లో వేషాలు వేశారు, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాతే మద్రాసు. ఆయన్ను ఆ మధ్య ఏళ్లలో నిలబెట్టింది ఊరి తల్లుల ముద్ద, ఒక గురువు దయ. ఇవాళ ఇల్లిల్లూ తిరిగి తినే కుర్రాణ్ని ఊహించలేం, అలా తిరగమనడం న్యాయమూ కాదు.

ఆ కళాశాల ఇప్పటికీ ఉంది. గాయని పి. సుశీలమ్మ చదివింది కూడా అక్కడే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రంగస్థల కళల శాఖ ఉంది. ఒకచోట సంగీతం, ఒకచోట నటన. రెండూ కలిసిన పద్యాన్ని పట్టించే బాధ్యత మాత్రం పాత పెట్టె ముందు కూర్చున్న మేస్టారిదే. ఆయనకు జీతం లేదు, ఆయన తర్వాత ఆ పెట్టె ముందు కూర్చునేవాళ్లు కనపడటం లేదు.

బేరం ఎలా జరుగుతుంది?

కంట్రాక్టు నాటకం తీరు చూస్తే కుర్రాడి కష్టం అర్థమవుతుంది. కమిటీ ఒక కంట్రాక్టరుతో మాట్లాడి బయానా ఇస్తుంది. ఆయన తలా ఒక ఊరి నుంచి నటుల్ని రప్పిస్తాడు. కలిసి రిహార్సల్ ఉండదు, ముఖానికి రంగు వేసుకునేటప్పుడే ఒకరినొకరు చూసుకుంటారు. ఖర్చు తగ్గించుకోవడానికి చిన్న సీన్లు కోసేస్తారు. వికర్ణుడు, సహదేవుడు, అశ్వత్థామ.. కుర్రాడు తడబడుతూ నేర్చుకోవాల్సిన వేషాలన్నీ ఇలా పోతున్నాయి. మిగిలేవి పెద్ద వేషాలు. వాటికి పేరున్నవాళ్లే కావాలంటుంది కమిటీ. పేరు రావాలంటే వేషం కావాలి, వేషం రావాలంటే పేరు కావాలి.

ఇక ఆ కుర్రాడు పగలు ఏం చేస్తున్నాడు? మా ప్రాంతంలో అయితే నక్కపల్లి వైపో అచ్యుతాపురం వైపో మందుల కంపెనీలో షిఫ్టు. తెల్లవార్లూ పద్యం పాడి ఉదయం షిఫ్టుకు వెళ్లడం ఎన్నాళ్లు సాగుతుంది? పెళ్లయ్యాక ఇంట్లోవాళ్లు వద్దంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. స్థానం నరసింహారావు సత్యభామగా తెలుగునేలను ఏలిన రోజులు పోయి స్త్రీ పాత్రలు స్త్రీలకే దక్కాయి, సంతోషం. కానీ రాత్రి ప్రయాణాలు, స్టేజీ వెనక సరైన గది లేకపోవడం, ఊళ్లో మాటలు పడటం అలాగే ఉన్నాయి. స్త్రీకి పాడే అవకాశం ఎక్కువున్న ‘చింతామణి’ నాటకాన్ని 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. ఒక కులాన్ని కించపరిచే రీతిలో దాన్ని దిగజార్చి ఆడినవాళ్లదే ఆ పాపం. నష్టం మాత్రం పద్యం పాడగల స్త్రీలకూ తగిలింది. కర్ణాటక సంగీతం బాగా నేర్చిన అమ్మాయి టీవీ పాటల పోటీ వైపే చూస్తుంది. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక సినిమా పాటకు ఎంతమంది కొత్త గొంతులు దొరికాయో మనకు తెలుసు. పద్యానికి అలాంటి వేదిక ఎవరూ వేయలేదు.

ఉన్నవి వాడుకుందాం

అసలేమీ లేదనడం సరికాదు. నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఉంది. 2023 డిసెంబరులో గుంటూరులో మళ్లీ జరిగాయి. ఆకాశవాణి ఆడిషన్ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉపకార వేతనం ఇస్తుంది. దేశం మొత్తానికి 400 మందికి. శాస్త్రీయ సంగీతంతో పాటు నాటకరంగమూ ఆ జాబితాలో ఉంది. గురువు దగ్గర అయిదేళ్లు నేర్చుకుని ఉండాలన్నది షరతు. నాటకం మేస్టారి దగ్గర పద్యం నేర్చుకున్న పిల్లలు దీనికి ఎందుకు దరఖాస్తు చేయకూడదు? హైస్కూలు తెలుగు మాస్టార్లు ఈ ఒక్క సమాచారం పిల్లలకు చేరవేసినా చాలు. నలభై ఏళ్ల లోపు వారికి సంగీత నాటక అకాడమీ ఇచ్చే బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం కూడా ఉంది.

వృద్ధ కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం పింఛను ఇస్తోంది, ఇవ్వాలి కూడా. కానీ ఒక కళకు చివర్లో మాత్రమే చేయి అందిస్తే మొదట్లో ఎవరూ చేరరు. విజయనగరం కళాశాలలో పద్య పఠనం, అభినయం కలిపి ఒక కోర్సు పెట్టి, పాత హార్మోనిస్టులను జీతమిచ్చి కూర్చోబెడితే పెద్ద ఖర్చేం కాదు.

ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేని పని ఒకటుంది. మన నాటకాలకు ఒక పాత అలవాటు ఉంది: ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు, సీనుకొకరు. పేరున్న గొంతుల మధ్య పోటీ పెట్టి జనాన్ని రప్పించడానికి పుట్టిన పద్ధతి అది. నాటకం తెగిపోతోందని పండితులు దాన్ని తప్పుపట్టారు. అదే పద్ధతిని కుర్రాళ్లకు మెట్టుగా మార్చుకోవచ్చు. మొదటి కృష్ణుడి సీను పాతికేళ్ల లోపువాడికి ఇవ్వాలి. ఆ తర్వాతి సీనులో వచ్చే పెద్ద కృష్ణుణ్ని అతను పక్క తెర చాటున నిలబడి వింటాడు. అంతకంటే మంచి పాఠం ఏ కళాశాలలో దొరుకుతుంది? చంద్రమతికీ, అర్జునుడికీ ఇలాగే చేయొచ్చు. తప్పులు పోతాయి, పోనివ్వండి. రాత్రి పదిన్నరకు జనం ఓపికగానే ఉంటారు.

ఎస్. రాయవరం, నక్కపల్లి, ఎలమంచిలి చుట్టుపక్కల ఊళ్ల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వచ్చే పండగకు నాటకం మాట్లాడుకునేటప్పుడు కంట్రాక్టరుతో ముందే చెప్పండి: ఒక సీను కుర్రాడిది, ఒక సీను కుర్రదానిది. వాళ్ల డబ్బు విడిగా, వాళ్ల చేతికే ఇవ్వండి. ఆడపిల్ల వస్తే తోడు వచ్చినవాళ్లకూ చార్జీలివ్వండి, తలుపున్న గది చూపించండి. ఆ పిల్లల పేర్లు ఫ్లెక్సీ మీద పెద్దవాళ్ల పేర్ల పక్కనే వేయించండి.