డీజిల్ కారదు... గాలి దూరుతుంది!

డీజిల్ కారితే కంటికి కనిపిస్తుంది. కింద మరక పడుతుంది, వాసన వస్తుంది. అదే పైపులోకి గాలి దూరిందనుకోండి, ఏమీ కనిపించదు. బండి మాత్రం ముప్పుతిప్పలు పెడుతుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే కొట్టినంతసేపూ తిరుగుతుంది కానీ ఇంజను అందుకోదు. అందుకున్నా నిలకడగా ఉండదు, పడుతూ లేస్తూ ఆడుతుంది. లోడుతో మెరక ఎక్కుతుంటే సరిగ్గా సగంలో నీరసపడిపోతుంది. లారీల వాళ్ళు దీనికి ఒక్కటే మాట వాడతారు: 'ఎయిర్ పట్టింది'.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివింది ఇంజినీరింగే కానీ కంప్యూటర్స్. డీజిల్ పంపుకీ నాకూ ఏ సంబంధమూ లేదు, మా బాబాయ్ టిప్పర్ మొరాయించే దాకా.

బాబాయ్‌ది పరిటాల. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే నందిగామ, కంచికచర్ల దాటాక 135 అడుగుల ఆంజనేయస్వామి కనిపిస్తాడే, ఆ ఊరు. ఒకప్పుడు గోల్కొండ వజ్రాల గనుల్లో పరిటాల పేరు కూడా ఉండేది. ఇప్పుడు దొరికేది కంకర. చుట్టూ క్వారీలు, క్రషర్లు, వాటి మధ్య దుమ్ములో తిరిగే టిప్పర్లు. బాబాయ్ బండి 2006 మోడల్ టాటా. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. నందిగామ, జగ్గయ్యపేట వైపు కంకర తోలతాడు. రోజుకి మూడు ట్రిప్పులు పడితే ఇల్లు గడుస్తుంది. పొద్దున గంటసేపు స్టార్ట్ కాకపోతే ఒక ట్రిప్పు పోయినట్టే.

ట్రిప్పు పోవడం ఒక ఎత్తు. ఒక రాత్రి కీసర దగ్గర హైవే మీద లోడుతో ఆగిపోయింది. వెనక నుంచి వోల్వోలు, కంటైనర్లు దూసుకొస్తుంటే క్లీనర్ కుర్రాడు చీకట్లో నిలబడి సెల్‌ఫోన్ లైట్ ఊపుతూ ఉన్నాడట. అది విన్నాక పిన్నికి రెండు రోజులు నిద్ర లేదు. ఒక షాపులో చూపిస్తే పంపు విప్పాలి, ముప్పై వేలకు తక్కువ కాదన్నారు. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. సలహా కోసం కాదు లెండి, డబ్బుల కోసం.

శనివారం బస్సెక్కి వెళ్ళాను. ఊళ్ళో పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు. అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పింది విన్నాక అర్థమైంది, ఇది అచ్చంగా మా ఆఫీసులో వచ్చే బగ్ లాంటిదేనని. ఎప్పుడూ రాదు, చూపించబోతే అస్సలు రాదు!

డీజిల్ దారి

పాత బండిలో ట్యాంకు నుంచి డీజిల్‌ని లాగేది ఫీడ్ పంపు. అది పెద్ద పంపు పక్కకే బిగించి ఉంటుంది, దాని మీద చేత్తో కొట్టే హ్యాండ్ పంపు ఉంటుంది. అక్కడి నుంచి ఫిల్టర్లకి, ఫిల్టర్ల నుంచి పెద్ద పంపుకి, ఆ తర్వాత నాజిళ్ళకి. పెద్ద పంపుని మెకానిక్‌లు ఇప్పటికీ మైకో పంపనే అంటారు. 1951లో మొదలైన మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా మనవాళ్ళ నోట్లో పేరు మారలేదు. బాష్ ఇలాంటి పంపుల్ని 1927లోనే వరసగా తయారు చేయడం మొదలుపెట్టింది. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు, అంతా స్ప్రింగులూ ప్లంజర్లూ.

నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. లారీ టైర్లో ఉండే గాలి 7, 8 బార్లు. పోల్చి చూసుకోండి. డీజిల్‌ని నొక్కితే నలగదు, ఆ ఒత్తిడి నేరుగా నాజిల్‌కి చేరుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే? ప్లంజర్ నొక్కినప్పుడల్లా బుడగ స్పాంజీలా నలిగి మళ్ళీ ఉబ్బుతుంది. నాజిల్ తెరుచుకోదు. ఇంజను తిరుగుతుంది, డీజిల్ మాత్రం పడదు.

ఇక అసలు తిరకాసు ఇది. ఫీడ్ పంపు దాటాక పైపుల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి సందుంటే డీజిల్ బయటికి వస్తుంది, దాని మీద క్వారీ దుమ్ము అంటుకుని తడి మట్టిలా కనిపిస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా అలా కాదు. అక్కడ ఉండేది లాగుడు. సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైగా డీజిల్ కారడానికి చాలని సన్నటి చీలికలోంచి కూడా గాలి హాయిగా దూరిపోతుంది. బయట చూస్తే పొడిగా, శుభ్రంగా ఉంటుంది. బండి ఆపాక ఆ సందులోంచే గాలి చేరి, పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అందుకే రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే ఈ రోగం.

బాబాయ్ రాసిన లాగ్

"బాబాయ్, వారం రోజులు నేను చెప్పింది ఫోన్లో రాస్తావా?" అన్నాను. ట్యాంకులో డీజిల్ ఎంత, బండి ఎక్కడ ఆపాడు, పొద్దున ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టాడు. "ఒరే అబ్బాయ్, నేను బండి తోలాలా, లెక్కలు రాయాలా?" అని విసుక్కున్నాడు కానీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. ఏడు రోజులవీ వింటే విషయం తేలింది. ముందుభాగం ఎత్తుగా ఉండేలా వాలులో ఆపిన రోజుల్లోనే బాధ. ట్యాంకు సగం కంటే తక్కువుంటే ఇంకా ఎక్కువ. చదునుగా, ఫుల్ ట్యాంకుతో ఆపిన రోజు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

మళ్ళీ వారం వెళ్ళినప్పుడు మేస్త్రి ఫీడ్ పంపుకి వచ్చే పైపు ఊడదీసి, మధ్యలో జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టారు. ఇంజను రైజ్ చేయగానే గోళీసోడాలో లాగా బుడగలు! తర్వాత ట్యాంకు పైపు పూర్తిగా పక్కన పెట్టి, ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి ఇచ్చారు. పావుగంట నడిపినా ఒక్క బుడగ లేదు. అంటే పంపు, ఫిల్టర్లు, నాజిళ్ళు అన్నీ నిర్దోషులు. తప్పంతా ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే. మేం దీన్ని బైనరీ సెర్చ్ అంటాం. మేస్త్రి ఏ పేరూ పెట్టకుండా ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు.

ఒక్కోసారి ఫీడ్ పంపులోని వాల్వు కింద నలుసు పడ్డా, హ్యాండ్ పంపు పిడి సరిగ్గా బిగించకపోయినా ఇలాగే ఉంటుందట. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోయినా నీరసపడుతుంది. దానికి పరీక్ష సులువు, మూత వదులు చేసి చూడటమే. మా బండిలో అవేవీ కాదు. ట్యాంకు దగ్గర ఇనప పైపునీ రబ్బరు పైపునీ కలిపే చోట రబ్బరు ఎండి గట్టిపడింది. క్లిప్పు దాన్ని కోసేసింది. క్లిప్పు తీస్తే గానీ చీలిక కనిపించలేదు.

మీటరు డీజిల్ పైపు, రెండు కొత్త క్లిప్పులు, నాలుగు రాగి వాషర్లు. మూడు వందలు కూడా కాలేదు. క్లిప్పు వదులైందని ఇంకా ఇంకా బిగించడమే పైపుని చంపుతుందని మేస్త్రి మాట. జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టనివ్వలేదు. దాని పోగులు ఊడి పంపులోకి పోతే అప్పుడు నిజంగానే ముప్పై వేల పని. రాగి వాషర్లు పాతవే వాడాల్సి వస్తే ఎర్రగా కాల్చి చల్లార్చాలి, మెత్తబడి మళ్ళీ అతుక్కుంటాయి.

డీజిల్ మారడం కూడా పాత బండ్లకి ఒక సమస్యే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ వచ్చింది, అందులో గంధకం 10 పీపీఎంకు మించదు. అంతకుముందు బీఎస్-4లో 50 దాకా ఉండేది. గంధకం తీసే పద్ధతి వల్ల డీజిల్ గుణం మారి, పాత రబ్బరు సీళ్ళు కుంచించుకుపోవచ్చు. 1993లో అమెరికాలో గంధకం తగ్గించినప్పుడు పాత బండ్ల పంపులు ఇలాగే కారాయి. ఊళ్ళకి మంచిదే, ఇరవై ఏళ్ళ సీలుకి మాత్రం కష్టం.

గాలి తీయడం

పైపు మార్చాక లోపలున్న గాలిని బయటికి పంపాలి. ఫిల్టర్ మీద స్క్రూ కొంచెం వదులు చేసి హ్యాండ్ పంపు కొడుతుంటే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు లేని డీజిల్ ధార. పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఆ తర్వాత పెద్ద పంపు స్క్రూ దగ్గర అదే పని. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ నట్లు ఒక చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే బిగిస్తారు. వేలు మాత్రం అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైన చిన్న సూది గుర్తే ఉంటుంది, నొప్పి కూడా లేకపోవచ్చు. అయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన ప్రమాదం అది. టిప్పర్ తొట్టి లేపి పనిచేస్తుంటే దానికి ఊతం పెట్టకుండా కిందికి తల పెట్టొద్దు.

ఈ నట్లు వదులు చేసే పద్ధతి పాత పంపులకే. కొత్త కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటిపోతుంది, వాటి పైపుల మీద పానా వేయకూడదు.

నేను బస్సెక్కే ముందు బాబాయ్ బండిని కావాలనే క్వారీ వాలులో, ముందుభాగం పైకి ఉండేలా, పావు ట్యాంకుతో ఆపి వెళ్ళాడు. మర్నాడు ఉదయం 5:40కి వాయిస్ మెసేజ్. మాటల్లేవు. ఒక్కసారి సెల్ఫ్ చప్పుడు, వెంటనే ఇంజను.