వినేది ముంబై, పలికేది రాయ్‌పూర్
దూరం నుంచి డబ్బింగ్ చెప్పించడంలో ఇంటర్నెట్ చేసే పని సగమే

మే నెలలో రాయ్‌పూర్‌లో ఏసీ ఆపమంటే ఎవరైనా ఎగాదిగా చూస్తారు. డబ్బింగ్ గదిలో మాత్రం మొదట చేసే పని అదే. బయట ఎండ 45 డిగ్రీలకు చేరువైనా సరే, మైకు తెరిచేముందు ఏసీ, ఫ్యాను, పక్కగది ఫ్రిజ్ అన్నీ మూగబోవాలి. నాలుగు టేకులయ్యేసరికి నటుడు చెమటతో తడిసి ముద్దవుతాడు. అప్పుడు హెడ్‌ఫోన్లలో, 1,100 కిలోమీటర్ల అవతల ముంబైలో చల్లగా కూర్చున్న దర్శకుడి గొంతు: ఇంకొక్కసారి.

షూటింగ్ రొదలో పాడైన డైలాగునో, ఎడిటింగ్‌లో మార్చిన మాటనో బొమ్మ చూపిస్తూ మళ్లీ చెప్పించడం సినిమా, టీవీ వాళ్లకు నిత్యకృత్యమే. తెలుగువారికీ ఇది పాత విద్య. 1950లోనే హిందీ 'నీరా ఔర్ నందా' శ్రీశ్రీ మాటలతో 'ఆహుతి'గా తెలుగులో పలికింది. అయితే గొంతు ఎక్కడున్నా స్టూడియోకు రావాల్సిందేనన్నది అప్పటి నియమం. రాయ్‌పూర్ వాళ్లకు స్టూడియో అంటే బొంబాయే. తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం 'కహి దేబే సందేస్' (1965)కు మను నాయక్ మహమ్మద్ రఫీ చేత పాడించింది అక్కడే. పాటలు రాసింది హనుమంత నాయుడు. పేరు తెలుగు, పాట ఛత్తీస్‌గఢీ.

ఆ నియమం సడలడానికి చాలా కాలమే పట్టింది. 1993లో ఫ్రాంక్ సినాత్రా 'డ్యూయెట్స్' ఆల్బమ్‌లో ఆయనతో గొంతు కలిపిన పలువురు వేరే ఊళ్ల నుంచి డిజిటల్ ఫోన్ లైన్ల మీదుగా పాడితే అది వార్త. 2020 లాక్‌డౌన్‌లో నటులు బట్టల బీరువాల్లో, దుప్పట్ల మాటున డైలాగులు చెప్పాక అది అలవాటైంది. సతీశ్ జైన్ 'మోర్ ఛైంహా భుంయా' (2000) ఘనవిజయంతో ఊపందుకున్న ఛత్తీస్‌గఢీ పరిశ్రమకు ఇది కలిసొచ్చే అలవాటే. రెండు మాటలు సరిదిద్దడానికి ముంబై రైలెక్కనక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో వచ్చిన గొంతునే సినిమాలో వాడతారని చాలామంది అనుకుంటారు. మామూలుగా వాడరు. ముంబైకి చేరేది దర్శకుడు విని ఔననడానికో కాదనడానికో పనికొచ్చే కుదించిన ధ్వని. అసలు రికార్డింగ్ రాయ్‌పూర్ కంప్యూటర్‌లోనే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో జరుగుతుంది. నిమిషానికి దాదాపు 9 మెగాబైట్లు. సెషన్ అయ్యాక ఆ ఫైళ్లే వెళ్తాయి. కాబట్టి మధ్యలో లైను తెగినా టేకు పోదు.

బొమ్మ కూడా ముందే వచ్చి ఇక్కడి యంత్రంలోనే ఆడాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ధ్వని ప్రయాణానికి సెకనులో అయిదో వంతు పట్టినా దాదాపు అయిదు ఫ్రేములు వెనకబడుతుంది. పెదవులు మూతపడ్డాక మాట వినబడుతుందన్నమాట. విడుదల కాని సినిమా కనుక, ఎవరికి పంపారో వారి పేరును బొమ్మ మీదే అడ్డంగా వేసి మరీ పంపుతారు. నమ్మకం నమ్మకమే, జాగ్రత్త జాగ్రత్తే.

అసలు చిక్కు గదితోనే. గోడలకు ఫోమ్ అతికిస్తే నిశ్శబ్దం వచ్చేస్తుందనుకోవడం భ్రమ. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గానీ బయటి చప్పుడును ఆపలేదు. రాయ్‌పూర్ హౌరా-ముంబై ప్రధాన రైలు మార్గంలో ఉంది. శివార్లలో ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీలు. గూడ్సు బండి అదురు నేలలోంచి వచ్చి మైకు స్టాండు ఎక్కుతుంది. షూటింగ్‌లో కాలరుకు చిన్న మైకు పెట్టి ఉంటే ఇక్కడా అదే తరహా మైకు పెట్టాలి. లేకపోతే ఒకే సీన్లో ఒకే మనిషి రెండు గొంతులతో మాట్లాడినట్టుంటుంది.

అందుకే పక్కనున్న రికార్డిస్టు సగం దర్శకుడు. కుదించిన ధ్వనిలో కాగితం గరగర, నోటి తడి చప్పుడు, దూరపు హారన్ ముంబైకి సరిగా వినబడకపోవచ్చు. థియేటర్లో మాత్రం వినబడి తీరతాయి. యాస సంగతి మరీ కష్టం. మాటలో భావం పలికిందో లేదో దర్శకుడు చెప్పగలడు. పలికింది మైదాన ప్రాంతపు ఛత్తీస్‌గఢీయేనా, బస్తర్ హల్బీ ఛాయ పడిందా అన్నది ఇక్కడి చెవే తేల్చాలి. దర్శకుడు బాగుందన్న టేకును బాగోలేదని చెప్పే ధైర్యం కూడా అతనికే ఉండాలి. లేదంటే తప్పు మిక్సింగ్‌లో బయటపడేసరికి నటుడు ఇంకో షూటింగ్‌లో ఉంటాడు.

అన్ని టేకులూ అయ్యాక కూడా ఏసీ వేయరు. ఖాళీ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేస్తారు, మాటకూ మాటకూ మధ్య ఖాళీలు పూడ్చడానికి. ఆ అర నిమిషం నటుడు నుదుటి చెమట తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.