అడక్కముందే అందే కానుక

విరాళం కోరుతూ వచ్చిన కవరులో విజ్ఞప్తితో పాటు పోస్టుకార్డో, కలమో, తాళాల రింగో కనిపించడం పాశ్చాత్య దేశాల్లో మామూలే. ఎవరూ అడగని ఆ చిన్న వస్తువు మనిషి నిర్ణయాన్ని నిజంగా మారుస్తుందా? అర్థశాస్త్రవేత్త ఆర్మిన్ ఫాల్క్ దీన్ని ప్రయోగంతోనే తేల్చాలనుకున్నారు.

2001 క్రిస్మస్ ముందు స్విట్జర్లాండ్‌లోని జూరిక్ ప్రాంతంలో దాదాపు 10,000 ఇళ్లకు ఒక సేవాసంస్థ ఆయనతో కలిసి ఉత్తరాలు పంపింది. బంగ్లాదేశ్‌లోని ఢాకా వీధిబాలల చదువుకు సాయం చేయమన్నది విన్నపం. అందరికీ విన్నపం ఒకటే. కానీ మూడో వంతు మందికి ఉత్తరం మాత్రమే వెళ్లింది. ఇంకో మూడో వంతుకు పిల్లలు రంగులతో వేసిన బొమ్మ ఉన్న పోస్టుకార్డు ఒకటి, మిగిలిన వారికి అలాంటివి నాలుగు జతచేశారు. అవి పిల్లల కానుక అనీ, ఉంచుకోవచ్చు, ఇంకెవరికైనా ఇవ్వవచ్చు అనీ రాశారు. ఎవరికి ఏ కవరు అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు కాబట్టి, ఫలితంలో తేడా వస్తే దానికి కారణం కార్డులేనని చెప్పవచ్చు.

తేడా వచ్చింది. ఉత్తరం ఒక్కటే అందినవారిలో 12 శాతం, ఒక కార్డు అందినవారిలో 14 శాతం, నాలుగు అందినవారిలో దాదాపు 21 శాతం మంది విరాళమిచ్చారు. రేపు ఇవ్వాల్సింది ఈరోజే ఇచ్చారేమో అన్న సందేహం సహజం. కానీ తర్వాతి ఫిబ్రవరిలో కానుకలు లేకుండా మళ్లీ అడిగినప్పుడు మూడు వర్గాల స్పందనలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కారణం కృతజ్ఞతేనా? పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపలేని మనకు, తీసుకున్నదానికి బదులివ్వాలన్న ఇబ్బంది కొత్తది కాదు. 1971లో మనస్తత్వవేత్త డెన్నిస్ రీగన్ ప్రచురించిన ప్రయోగం ఇంకాస్త లోతుకు వెళ్లింది. ప్రయోగకర్త తరఫు మనిషి ఒకడు, తోటి పాల్గొనేవాడిలా నటిస్తూ, అడక్కుండానే కూల్‌డ్రింకు తెచ్చిచ్చి, కాసేపటికి లాటరీ టికెట్లు కొనమన్నాడు. డ్రింకు పుచ్చుకున్నవారు ఎక్కువ టికెట్లు కొన్నారు. విచిత్రమేమంటే, అతను నచ్చినా నచ్చకపోయినా వారి కొనుగోలులో పెద్దగా మార్పు లేదు. అంటే ఇక్కడ పనిచేసింది ఇష్టం కన్నా రుణభావం. నా దృష్టిలో ఈ ప్రక్రియలో కాస్త కలవరపెట్టే అంశం ఇదే.

అమెరికాలో యుద్ధాల్లో గాయపడ్డ మాజీ సైనికుల సంస్థ ‘డిజేబుల్డ్ అమెరికన్ వెటరన్స్’ లెక్కను మనస్తత్వవేత్త రాబర్ట్ సియాల్డినీ పేర్కొన్నారు. మామూలు ఉత్తరానికి 18 శాతం స్పందన, గ్రహీత పేరు, చిరునామా అచ్చువేసిన జిగురు చీటీలు జతచేస్తే 35 శాతం. ఆ చీటీలు మరెవరికీ పనికిరావు, తన పేరున్నవాటిని చెత్తబుట్టలో వేయడానికి చేయీ రాదు. ఇలా పంపడం చట్టసమ్మతమేనా? 1970 నాటి అమెరికన్ చట్టం ప్రకారం ఆర్డరివ్వకుండా టపాలో వస్తువు పంపి డబ్బు అడగడం నిషిద్ధం, అందుకున్నవారు దాన్ని ఉచిత కానుకగా ఉంచుకోవచ్చు. ఉచిత నమూనా అని స్పష్టంగా రాసినవాటికీ, ధార్మిక సంస్థలు విరాళం కోరుతూ పంపేవాటికీ ఆ నిషేధం లేదు.

అన్నిచోట్లా ఇది ఫలిస్తుందనుకోకూడదు. టెక్సాస్‌లో ఒక విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థులకు సామానుకు కట్టుకునే పేరు బిళ్లలు పంపి చూస్తే విరాళాలు పెరగలేదు. ‘విరాళమిస్తే కానుక పంపుతాం’ అని ముందే ఆశ చూపితే ఇచ్చే మొత్తం తగ్గవచ్చని 2012లో పరిశోధకులు జార్జ్ న్యూమన్, జెరెమీ షెన్‌ల ప్రయోగాలు చూపాయి. బహుమానం ఎదురుచూపుగా మారితే దానం బేరంలా కనిపిస్తుంది కాబోలు. పైగా కానుక ఖర్చు స్పందించని కవర్లకు కూడా పడుతుంది. జూరిక్‌లో నాలుగు కార్డులు వెళ్లిన ప్రతి ఐదు ఇళ్లలో సుమారు నాలుగు ఏమీ పంపలేదు.