చెవి గుట్టు కన్ను చెప్పింది

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో వియన్నాలోని ఒక చెవి వైద్యశాలలో రాబర్ట్ బారాని అనే యువ వైద్యుడు పనిచేస్తుండేవాడు. రోగుల చెవులను నీళ్లతో కడగడం అతని దినచర్యలో ఒక భాగం. కడిగించుకున్నవాళ్లలో కొందరు తల తిరుగుతోందని గోలపెట్టేవారు. అప్పుడు వాళ్ల కళ్లలోకి చూస్తే, కనుగుడ్లు ఒక పక్కకు మెల్లగా జారి, రెండో పక్కకు చటుక్కున వెనక్కి వస్తూ కనిపించేవి. ఈ కదలికను వైద్యులు నిస్టాగ్మస్ అంటారు. ఒక రోగి మాత్రం నీళ్లు సరిపడా వెచ్చగా లేనప్పుడే తనకు తిరుగుతుందనీ, ఇంట్లో వెచ్చటి నీళ్లతో కడుక్కుంటే ఏమీ కాదనీ చెప్పాడు. సరేనని బారాని ఇంకా వేడి నీళ్లు తెప్పించాడు. ఈసారి అవి మరీ వేడెక్కాయి. రోగి కేక పెట్టాడు, తల తిరగడమూ ఆగలేదు. బారాని కళ్లలోకి చూశాడు. కనుగుడ్లు ఈసారి ఎదురు దిక్కుకు కొడుతున్నాయి.

అతనికి స్నానాల గదిలో నీళ్లు కాచే బాయిలర్ గుర్తొచ్చింది. పై నీరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా అడుగు నీరు చల్లగానే ఉంటుంది. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లబడినది బరువెక్కి కిందికి దిగుతుంది. లోపలి చెవిలోని ద్రవమూ ఇలాగే కదులుతోందా? అదే నిజమైతే, రోగి తలను తలకిందులుగా తిప్పి పెట్టినప్పుడు కంటి కదలిక కూడా తిరగబడాలి. తిప్పి చూశాడు, తిరగబడింది. 1906లో ఈ పరిశోధన అచ్చయింది. ఒక చెంబెడు నీళ్లతో, ఏ కోతా లేకుండా, లోపలి చెవి పనితీరును పరీక్షించే మార్గం వైద్యుల చేతికొచ్చింది.

ఇందులో కంటికేం పని? లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలుంటాయి. ఒక్కోటీ ఒక్కో తలంలో వంగిన సన్నటి గొట్టం, దాని నిండా ద్రవం. గ్లాసును చటుక్కున తిప్పితే గాజు ముందు తిరుగుతుంది, నీళ్లు వెనకబడతాయి. తల తిప్పినప్పుడు కుల్యలో జరిగేదీ అంతే. వెనకబడిన ద్రవం అడ్డంగా ఉన్న జిగురు తెరను వంచుతుంది. దాని అడుగున నాటుకున్న కేశకణాలు ఆ వంపును నాడికి అందిస్తాయి. మెదడు వెంటనే కనుగుడ్లను తల తిరిగిన వేగంతోనే ఎదురు దిక్కుకు తిప్పుతుంది. ఇదంతా సెకనులో వందో వంతు లోపలే జరిగిపోతుంది. నడుస్తూ కూడా మనం దుకాణం బోర్డు చదవగలుగుతున్నామంటే దీనివల్లే.

ఈ కుల్యలు పుర్రెలో అత్యంత గట్టి ఎముకలో దాగి ఉంటాయి. పనిచేస్తుండగా వాటిని నేరుగా చూడటం సాధ్యం కాదు. అందుకే నేటి దాకా వచ్చిన పరికరాల్లో ఎక్కువ భాగం చెవిని కదిలించి కంటిని కనిపెట్టేవే.

వీటిలో వయసులో పెద్దది తిరిగే కుర్చీ. 1804లో ఇంగ్లండు వైద్యుడు జోసెఫ్ మేసన్ కాక్స్ మతి తప్పినవాళ్లను కూర్చోబెట్టి గిరగిరా తిప్పే ఊయల గురించి రాశాడు. అప్పట్లో దానిని చికిత్స అనుకున్నారు. తల తిరగడానికీ చెవికీ ఉన్న సంబంధం ఆ తర్వాతే బయటపడింది. 1820లలో ఫ్రాన్సులో ఫ్లూరాన్స్ అనే శాస్త్రవేత్త పావురాల కుల్యలను కోసి చూశాడు. ఏ కుల్యను కోస్తే దాని తలంలోనే పావురం తల ఊగిపోయింది. 1861లో పారిస్ వైద్యుడు ప్రోస్పర్ మెనియేర్, వినికిడి తగ్గుతూ తల తిరిగే జబ్బుకు మూలం మెదడులో కాదు, చెవిలోనే ఉందని వాదించాడు. 1870లలో ప్రాగ్‌లో భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాఖ్ తిరిగే కుర్చీలో తానే కూర్చుని పరీక్షించుకున్నాడు. మనకు తెలిసేది తిరిగే వేగం కాదనీ, ఆ వేగంలో వచ్చే మార్పు మాత్రమేననీ తేల్చాడు. దాదాపు అదే కాలంలో వియన్నాలో బ్రాయర్, ఎడిన్‌బరోలో క్రమ్ బ్రౌన్ ఎవరికి వారే కుల్యల్లోని ద్రవం గురించిన సిద్ధాంతానికి వచ్చారు.

బారాని ఈ కుర్చీని వైద్యశాలకు తెచ్చి ఒక పద్ధతి పెట్టాడు. రోగిని 20 సెకన్లలో 10 చుట్లు తిప్పి, ఒక్కసారిగా ఆపి, కనుగుడ్లు ఎంతసేపు కొట్టుకుంటాయో లెక్కపెట్టడం. కానీ కుర్చీకి పుట్టుకతో ఒక లోపం ఉంది. అది రెండు చెవులనూ కలిపే తిప్పుతుంది. ఒక చెవి పాడైతే బాగున్న చెవి దాని పనిని కొంత కప్పేస్తుంది. నీళ్లు మాత్రం ఒకసారికి ఒక్క చెవినే తాకుతాయి. ఏ చెవి చెడిందన్న ప్రశ్నకు నీళ్లే సూటిగా జవాబివ్వగలిగాయి.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చిన్నప్పుడు ఎముకల క్షయ వల్ల బారాని మోకాలు బిగుసుకుపోయింది. అయినా అతను వైద్యుడిగా సైన్యంలో చేరాడు. 1915లో అతనున్న ప్షెమిషల్ కోట రష్యన్ల వశం కావడంతో ఖైదీగా మధ్య ఆసియాలోని మెర్వ్ చేరాడు. 1914కు వైద్య నోబెల్ తనకే వచ్చిందన్న కబురు ఆ శిబిరంలోనే అందింది. స్వీడన్ యువరాజు కార్ల్ రెడ్‌క్రాస్ తరఫున పూనుకోవడంతో 1916లో విడుదలయ్యాడు. వియన్నాకు తిరిగొస్తే తోటి వైద్యులు కొందరు, ఇతరుల పనిని తన ఖాతాలో వేసుకున్నాడని నిందించారు. అతను స్వీడన్‌లోని ఉప్సాలాకు వెళ్లిపోయి, 1936లో అక్కడే కన్నుమూశాడు.

అతని కుర్చీ ఈలోగా అమెరికా చేరి, సైనిక పైలట్లను ఎంపిక చేసే పనిలో పడింది. 1926లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ మైయర్స్ అనే వైద్యుడు విలియం ఆకర్ అనే అనుభవజ్ఞుడైన పైలట్‌ను కళ్లు మూయించి అందులో తిప్పాడు. కుర్చీ నెమ్మదించగానే ఆకర్‌కు తాను ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్టు అనిపించింది. అది చెవి చేసే మోసం. తిరగడం కాసేపు నిలకడగా సాగితే కుల్యలోని ద్రవం గొట్టంతో సమానంగా కదలడం మొదలెడుతుంది. అప్పుడు వేగం తగ్గితే ఎదురు దిక్కు కదలికలా తోస్తుంది. మబ్బుల్లో దారి తప్పి కూలిన విమానాల రహస్యం ఆకర్‌కు అక్కడ దొరికింది. మలుపును చూపే పరికరాన్ని ఒక పెట్టెలో పెట్టుకుని మళ్లీ కుర్చీ ఎక్కితే దిక్కు తప్పలేదు. చెవిని కాదు, పరికరాన్ని నమ్మండని పైలట్లకు నేర్పడానికి ఆ కుర్చీ ఇప్పటికీ పనికొస్తోంది.

వైద్యశాలలో మిగిలిన నీళ్ల పరీక్షకు 1942లో లండన్‌లో ఫిట్జెరాల్డ్, హాల్‌పైక్ అనే వైద్యులు కచ్చితమైన కొలతలు పెట్టారు. శరీర ఉష్ణోగ్రతకు 7 డిగ్రీలు తక్కువగా, 7 డిగ్రీలు ఎక్కువగా, అంటే 30, 44 డిగ్రీల సెల్సియస్ నీళ్లు. రోగిని పడుకోబెట్టి తలను 30 డిగ్రీలు ఎత్తితే అడ్డంగా ఉండే కుల్య నిలువవుతుంది. అప్పుడు ద్రవం బాగా కదులుతుంది. చన్నీళ్లు పోస్తే కనుగుడ్ల చురుకు కదలిక ఎదుటి చెవి వైపు, వేన్నీళ్లు పోస్తే పోసిన చెవి వైపే. రెండు చెవులనూ పోల్చితే బలహీనమైనదేదో తేలిపోతుంది.

ఎవరైనా ఒక వస్తువును తదేకంగా చూస్తే నిస్టాగ్మస్ అణిగిపోతుంది. అందుకే జర్మనీలో ఫ్రెంజెల్ అనే వైద్యుడు మందపాటి కటకాలున్న కళ్లద్దాలు తయారుచేశాడు. రోగికి బయట ఏదీ ఆనదు, వైద్యుడికి అతని కన్ను పెద్దదిగా కనిపిస్తుంది. కంటి ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య చిన్న విద్యుత్ తేడా ఉంటుంది. కళ్ల పక్కన ఎలక్ట్రోడ్లు అతికించి ఆ తేడాతో కదలికను కాగితం మీద గీయించడం తర్వాతి మెట్టు. ఇప్పుడు చీకట్లోనే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కంటిని చిత్రిస్తుంది.

1983లో స్పేస్‌లాబ్-1 అనే అంతరిక్ష ప్రయోగశాలలో, చెవికి వేడి తగిలించే ఇదే పరీక్ష అంతరిక్షానికి వెళ్లింది. బరువే లేని చోట వేడి ద్రవం పైకి పోవడమన్నది ఉండదు. బారాని వివరణ పూర్తి నిజమైతే అక్కడ కళ్లు కదలకూడదు. కానీ కదిలాయి. వేడికి ద్రవం వ్యాకోచించడం లాంటి మరో కారణం కూడా ఉందని తేలింది. అయినా భూమ్మీద ప్రధాన కారణం బారాని చెప్పినదే.

నీళ్ల పరీక్షకున్న అసలు లోటు వేరు. అది ప్రధానంగా అడ్డ కుల్యనే, అదీ చాలా నెమ్మదిగా ప్రేరేపిస్తుంది. నిత్య జీవితంలో తల చురుగ్గా కదులుతుంది. క్షయకు ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ వల్ల రెండు లోపలి చెవులూ దెబ్బతిన్న ఒక వైద్యుడు 1952లో పేరు దాచి తన అనుభవం రాశాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కలిగే చిన్న అదురుకే పుస్తకంలో అక్షరాలు ఊగేవట. మంచం చువ్వలకు తల ఆనించి చదవాల్సి వచ్చింది.

ఆ చురుకు కదలికనే పరీక్షగా మార్చినవాళ్లు సిడ్నీలోని పరిశోధకులు హల్మాగీ, కర్టాయ్స్. 1988లో వాళ్లు వివరించిన పద్ధతికి యంత్రమే అక్కర్లేదు. రోగి వైద్యుడి ముక్కును చూస్తూ ఉండాలి. వైద్యుడు అతని తలను కొద్దిగా, ఉన్నట్టుండి ఒక పక్కకు తిప్పుతాడు. చెవి బాగుంటే చూపు ముక్కు మీదే నిలుస్తుంది. చెడితే చూపు తలతో పాటు పక్కకు పోయి, తర్వాత ఎగిరి ముక్కు మీదికి వస్తుంది. ఒక్కోసారి తల ఆగేలోపే ఈ దిద్దుబాటు జరిగిపోతుంది, దాన్ని మామూలు కన్ను పట్టలేదు. 2009 నాటికి సెకనుకు 250 బొమ్మలు తీసే చిన్న కెమెరా ఉన్న కళ్లద్దాలు ఆ పని చేశాయి. తల వేగాన్నీ కంటి వేగాన్నీ పక్కపక్కన గీసి చూపే ఈ పరికరంతో రెండు చెవుల ఆరు కుల్యలనూ విడివిడిగా పరీక్షించవచ్చు.

తల తిరిగితే మన ఇళ్లలో ముందు పైత్యం అంటారు, తర్వాత బీపీ చూపించుకోమంటారు. మంచం మీద పక్కకు దొర్లినప్పుడు మాత్రమే కాసేపు తిరిగితే, చాలాసార్లు కారణం కుల్యలోకి జారిన సున్నపు రేణువులు. దాన్ని పట్టుకోవడానికి డిక్స్, హాల్‌పైక్ 1952లో చెప్పిన పద్ధతి, ఒక మంచం, వైద్యుడి కళ్లు చాలు. గంటల తరబడి ఆగకుండా తిరుగుతుంటే మాత్రం తొందరపడాలి. అలాంటి రోగికి తల తిప్పే పరీక్షలో చూపు జారితే తప్పు చాలావరకు చెవిలో ఉన్నట్టు. జారకుండా నిలిస్తేనే వైద్యుడు ఉలిక్కిపడతాడు, మెదడులో రక్తనాళం మూసుకుందేమోనని. మొదటి రెండు రోజుల్లో ఎమ్మారైకి కూడా దొరకని స్ట్రోకులను ఇలా పట్టుకోవచ్చని 2009లో వెలువడిన అధ్యయనం చూపింది.

ఇంత చురుకైన కళ్లద్దాలొచ్చాక నీళ్ల పరీక్ష మూలన పడాల్సింది, పడలేదు. మెనియేర్ వ్యాధి ఉన్నవాళ్లలో చాలామందికి కళ్లద్దాల పరీక్ష మామూలుగానే వస్తుంది, నీళ్ల పరీక్షలో మాత్రం అదే చెవి బలహీనంగా తేలుతుంది. చెవి నెమ్మది కదలికకు ఒక రకంగా, చురుకు కదలికకు ఇంకో రకంగా స్పందిస్తుంది. అందుకే రెండు పరీక్షల ఫలితాలు పొసగకపోతే వైద్యుడు ఏ యంత్రాన్నీ తప్పుపట్టడు. ఆ తేడాయే అతనికి జబ్బు ఆనవాలు ఇస్తుంది.