హిమసీమలో సౌరఘటము

1954వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు లోకమునకు చూపిన సిలికాన్ సౌరఘటము, తనపై బడిన కాంతిలో నూటికి ఆరు వంతులను విద్యుత్తుగా మార్చగలిగెను. ఉష్ణదేశముల తేమకు చెడిపోవు టెలిఫోను బ్యాటరీలకు మారుగా వేరొక ఆధారమును వెదకుచు చాపిన్ ఈ శోధనకు పూనుకొనెను. అట్లు వేడి సీమల కొరకు పుట్టిన సాధనమునకు చలియే మిక్కిలి హితమగుట ఎంతయు విచిత్రము.

సౌరఘటమునకు వలసినది వెలుతురే గాని వేడిమి గాదు. ఉష్ణము డిగ్రీ హెచ్చినకొలది దాని శక్తి సుమారు నూటికి 0.4 వంతున క్షీణించును. తగ్గినకొలది అట్లే వృద్ధినొందును. దక్షిణ ధ్రువమున సూర్యుడు నడివేసవియందును ఇరువదిమూడున్నర డిగ్రీలకు మించి పైకెక్కడు గనుక, ఆ ప్రాంతమున ఫలకములను గోడలవలె నిట్టనిలువుగా నిలుపుదురు. అందుచే వానిపై మంచు పేరుకొనదు, నేలమీది మంచునుండి ప్రతిఫలించు కాంతియు వానికి దక్కును.

చిక్కంతయు బ్యాటరీతోనే. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీ నిండుగా నున్నంతకాలము అందలి ఆమ్లము సున్నకు దిగువ సుమారు 50 డిగ్రీల చలికిని గడ్డకట్టదు. కాని శక్తిని వెచ్చించినకొలది గంధకామ్లము సీసపు పలకలలో చేరిపోయి ద్రవము నీటివలె పలుచనగును. అప్పుడు పది డిగ్రీల చలియే దానిని గడ్డకట్టించి పెట్టెను పగులగొట్టగలదు. కావున బ్యాటరీ అంతవరకు దిగజారకమునుపే యంత్రములను విడదీయు నియంత్రకమును నేను ఈ వ్యవస్థకంతటికిని ప్రాణముగా నెంచుదును. సాధారణమైన లిథియం-అయాన్ బ్యాటరీకి వేరొక జాడ్యము కలదు: సున్నకు దిగువ దానిని నింపబూనిన, లిథియము లోహమై లోపల పేరుకొని దానిని శాశ్వతముగా చెఱచును. అందుచే బ్యాటరీలను దళసరి ఉష్ణనిరోధక పెట్టెలలో నుంచి, పరికరములనుండి వెలువడు కొలది వేడిమినే వానికి కాపుగా నుపయోగింతురు.

ఇంత చేసినను నెలల తరబడి సాగు ధ్రువరాత్రికి సౌరఫలకము బదులు చెప్పజాలదు. 2009లో బెల్జియము వారు అంటార్కిటికాలో ప్రారంభించిన ప్రిన్సెస్ ఎలిజబెత్ కేంద్రమున ఫలకములకు గాలిమరలను జతపరచిరి. జనసంచారమెరుగని భూకంపమాపక స్థానములలో కొన్నిట, వేసవియందు సౌరవిద్యుత్తును, శీతకాలమున మరల నింప వీలులేని లిథియం బ్యాటరీలను వాడుదురు. విమానములో మోసికొనిపోదగినన్ని బ్యాటరీలతోనే ఆ చీకటికాలమంతయు గడువవలెను గాన, అచ్చటి పరికరములను కొలది వాట్లతోనే నడచునట్లు నిర్మించుచున్నారు.